గెలిచినవాడు ఇంజిను ఇచ్చెయ్యాలి

పాండిచ్చేరి నుంచి దక్షిణంగా బస్సులో ముప్పావుగంట వెళ్తే బాహూరు. అక్కడి పెద్ద చెరువులో ఎండాకాలం నీళ్ళు వెనక్కి జరిగాక, కట్ట పక్కన నేల ఎండి బిగుసుకుపోయి సిమెంటు గచ్చులా తయారయ్యేది. ఎనభైల మొదట్లో ఆ నేల మీద మేము కార్ల పందేలు పెట్టేవాళ్ళం. మద్రాసు పందేల్లాంటివి కావు. సున్నంతో గీసిన గుండ్రటి దారి, మలుపుల దగ్గర వరిగడ్డి మోపులు, పన్నెండు చుట్లు. తలకి స్కూటరు హెల్మెట్టు ఉంటే చాలు. పరిగెత్తేవి కూడా రోజూ ఊళ్ళో తిరిగే కార్లే. డాక్టరైనా టాక్సీవాడైనా ఆ రోజుల్లో ఎక్కువగా కొనేది గుండ్రటి వీపున్న ఆ పెద్ద కారే కాబట్టి, పందెంలో ఉన్నవన్నీ ఒకే మోడలు.

ఆ పందేలు ఎలా చెడిపోయాయో, వాటిని బాగుచెయ్యబోయి నేనేం చేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఇన్నేళ్ళకీ తేల్చుకోలేకపోయాను.

నాది యానాం. డెబ్బైల చివర్లో ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో మోటారు మెకానిక్కు పని నేర్పే ఉద్యోగం ఇచ్చి పాండిచ్చేరిలో వేశారు. నెల్లితోపులో అద్దెకు దిగాను. మా వీధి చివరింట్లో ఒక టాక్సీ డ్రైవరు ఉండేవాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. కారు సొంతమే. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు గానీ తాతల కాలం నుంచి అక్కడే ఉన్న కుటుంబం కాబట్టి, సగం అరవం కలిసిన ఆ తెలుగు నాకు మొదట్లో సరిగ్గా అందేది కాదు. నేను మాటకోసారి 'అండి' అంటుంటే వాళ్ళావిడ మొహం తిప్పుకొని నవ్వేది. ఆయన్ని నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సారు అనేవాడు. పందేల సంగతి నాకు మొదట చెప్పింది ఆయనే.

"ఈ ఆదివారం యాడికి బోతావు సారు? నాతో బాహూరుకు రా. వండ్లు పరిగెత్తేది జూద్దువు," అన్నాడు. వండి అంటే అక్కడ బండి.

వెళ్ళాను. ఆ రోజు పద్నాలుగు కార్లు వరసలో నిలబడ్డాయి. ఒక డాక్టరుగారు, ఒక బ్యాంకు ఆఫీసరు, ఒక కంట్రాక్టరు, బట్టల కొట్టువాళ్ళిద్దరు, నలుగురైదుగురు టాక్సీవాళ్ళు. మా అన్న కారు ముందురోజు పెళ్ళికూతుర్ని తిప్పి వచ్చింది. పూలదండలు కట్టిన తాళ్ళు ఇంకా బంపరుకు వేలాడుతూనే ఉన్నాయి. బ్యాంకు ఆఫీసరుగారి భార్య గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది, పందెం అయ్యాక అదే కారులో వాళ్ళు కడలూరులో పెళ్ళిచూపులకు వెళ్ళాలట. కట్ట మీద చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బారులు తీరి ఉన్నారు. జెండా ఊపగానే లేచిన దుమ్ములో ఏ కారు ఎవరిదో తెలియలేదు. చివరి చుట్టులో నాలుగు కార్లు దాదాపు ఒక్కసారే గీత దాటాయి. మా అన్న రెండో స్థానంలో వచ్చాడు. గెలిచిన కంట్రాక్టరుకు పెద్ద ఇత్తడి అండా ఇచ్చారు.

ఆ అండా ఇచ్చింది సెట్టిగారు. పెద్ద బజారులో ఇనుప సామాన్ల కొట్టు ఆయనది. మూడు తరాలుగా పాండిచ్చేరిలో వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. సున్నం, జెండా, మంచినీళ్ళ కుండలు, బహుమతి, అన్నీ ఆయనవే. నేను మోటారు పంతుల్ని అని తెలిసి, పందెం ముందు బ్రేకులు, స్టీరింగులు చూసి పంపే పని నాకు అప్పగించారు. జీతం లేని ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పద్నాలుగు కార్లు వచ్చినవి వచ్చినట్టు ఇంటికి వెళ్ళిపోవడం, అందరి బంపర్లూ సొట్టలుపోయి ఉండడం, అందరూ నవ్వుతుండడం.

మరుసటి వేసవికి సెట్టిగారి తమ్ముడు పందెంలోకి దిగాడు. ముప్పై దాటిన మనిషి, సరదా మనిషి. చెడ్డవాడని నేను అనలేను. కాకపోతే ఇంజిను మద్రాసు పంపించి పని చేయించుకొచ్చాడు. ఆ కారు స్టార్టు చేసినప్పుడే శబ్దం వేరుగా ఉంది. ఇంజినుకు పెట్రోలు అందించే కార్బురేటర్లు ఒకటికి రెండు. పన్నెండు చుట్లు పూర్తయ్యేసరికి మిగతావాళ్ళు అతనికి ఒక చుట్టు వెనక ఉన్నారు.

ఆ తరవాతి పందేనికి కంట్రాక్టరు కూడా ఇంజిను మద్రాసు పంపాడు. డాక్టరుగారు అంత ఖర్చు పెట్టలేక కాదు, చిరాకు పుట్టి మానేశాడు. టాక్సీవాళ్ళలో ముగ్గురు తప్పుకున్నారు. ఇంజిను రెండు నెలలు మద్రాసులో కూర్చుంటే వాళ్ళు తినేదేమిటి? బ్యాంకు ఆఫీసరు నాతో అన్నాడు, "వాళ్ళు పక్కనుంచి దూసుకుపోతుంటే నాకు నా కారు ఆగిపోయిందేమో అనిపిస్తోందండీ." పద్నాలుగు కార్లు తొమ్మిదయ్యాయి, తొమ్మిది అయిదయ్యాయి. కట్ట మీద జనం కూడా పలచబడ్డారు. ఎవడు గెలుస్తాడో ముందే తెలిసిన పందేనికి ఎండలో ఎందుకు నిలబడతారు?

నాకు పట్టరాని కోపం వచ్చింది. సెట్టిగారి దగ్గరికి వెళ్ళి, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజిన్లను తప్ప రానివ్వకూడదని గట్టిగా చెప్పాను. ఆయన సరే అన్నారు. పందేనికి ముందురోజు, శనివారం, కార్లన్నీ మా శిక్షణ కేంద్రం ఆవరణలోకి వచ్చాయి. కార్బురేటరు ఒకటే ఉందో లేదో పైనుంచి చూస్తే తెలుస్తుంది. సెట్టిగారి తమ్ముడు కూడా ఆ రోజుకి ఒకటే పెట్టుకొచ్చాడు. కానీ అసలు పని లోపల ఉంటుంది. ఇంజిను మీద మూతలా ఉండే హెడ్డును అరగదీశారా, పిస్టన్లు మార్చారా అన్నది విప్పితే గానీ తెలియదు.

"విప్పు వాద్యారే," అన్నాడు తమ్ముడు. పంతుల్ని అక్కడ అలా పిలుస్తారు, అతని నోట మాత్రం అది వెక్కిరింపులా వినపడేది. "విప్పినాక నువ్వే బిగించాల. రేపు పొద్దున వండి స్టార్ట్ గాకపోతే నీదే పూచీ."

నేను తటపటాయిస్తుంటే మా అన్న ముందుకొచ్చాడు. "ఫస్టు నాది విప్పు సారు. నాదాంట్లో దాచిపెట్టేదేముండాది?"

విప్పాను. లోపల అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. మళ్ళీ బిగించేసరికి సాయంత్రం అయిదయింది. మిగతా కార్లు విప్పే సమయం లేదు. ఒకసారి హెడ్డు దింపితే దాని కింద అతుకులో కొత్త గాస్కెట్టు వెయ్యాలి, ఊళ్ళో దొరికింది ఒక్కటే, అదీ అంత మంచిది కాదు. మర్నాడు ఆరో చుట్టులో మా అన్న కారు రేడియేటరు పొంగి ఆవిర్లు కక్కుతూ గడ్డిమోపుల పక్కన ఆగిపోయింది. తమ్ముడు గెలిచాడు. అంతమందిలో నేను తనిఖీ చేసింది నిజాయితీపరుణ్ణి ఒక్కణ్ణి, చెడగొట్టింది అతని కారునే.

తరవాత కొన్ని నెలలు అదే ఆలోచన. తనిఖీతో పని జరగదని తేలిపోయింది. అసలు తనిఖీ అక్కర్లేని నియమం ఏదైనా ఉంటుందా? ఒకరోజు తరగతిలో రెండు ఇంజిన్లు పక్కపక్కన పెట్టి పాఠం చెబుతుంటే తట్టింది. పందెం అయ్యాక గెలిచినవాడి ఇంజిను మిగతావాళ్ళలో ఎవరికైనా కావాలంటే ఇచ్చెయ్యాలి, బదులుగా అడిగినవాడి ఇంజిను తీసుకోవాలి. అంతే. అన్నీ ఒకే మోడలు కార్లు కాబట్టి ఎవరిది ఎవరికైనా పడుతుంది. ఎవడో పట్టుకుపోతాడని తెలిస్తే ఇంజిను మీద ఎవడు ఖర్చుపెడతాడు?

సెట్టిగారి కొట్టు మేడ మీద అందర్నీ కూర్చోబెట్టాం. నేను నియమం తెలుగులో చక్కగా రాసుకుని వెళ్ళి సెట్టిగారి చేతికిచ్చాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేశారు.

"నాకు తెలుగు సదవను రాదు సారు. మాట్లాడేదే. నువ్వే సదువు, అందురూ ఇంటారు."

చదివాను. మా అన్న తల గోక్కుని, "అట్లయితే నేను గెలిస్తే నా ఇంజిను ఎవురికి కావాల సారు?" అన్నాడు.

"ఎవరికీ అక్కర్లేదన్నా. అదే కదా దీని అందం!"

అందరూ ఘొల్లున నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. బ్యాంకు ఆఫీసరు దాన్ని ఇంగ్లీషులో టైపు చేయించుకొచ్చాడు, అందరూ సంతకాలు పెట్టారు. వేసవి వచ్చేసరికి పదకొండు కార్లు పేర్లిచ్చాయి. మానేసిన డాక్టరుగారు కూడా తిరిగొచ్చాడు. నేను లోకాన్ని ఉద్ధరించినంత సంబరపడ్డాను.

కానీ సెట్టిగారి తమ్ముడు అదే మద్రాసు ఇంజినుతో వచ్చాడు, రెండు కార్బురేటర్లూ బాహాటంగా పెట్టుకుని. సంతకం పెట్టినవాడే. పెద్దబజారు సెట్టిగారి తమ్ముణ్ణి ఇంజిను ఇమ్మని నోరు తెరిచి అడిగే మొగవాడు ఎవడున్నాడులే అని అతని ధీమా. గెలిచాడు. మా అన్న మూడోవాడిగా వచ్చాడు. టాక్సీవాళ్ళు చుట్టూ చేరి "అడుగు, అడుగు" అని ఎగదోస్తున్నారు. ఆయన వాళ్ళని తప్పించుకుని నా దగ్గరికొచ్చాడు. మొహమంతా దుమ్ము, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"అడగమంటావా సారు?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పదలుచుకోలేదు. ఆ ఇంజిను టాక్సీకి పనికిరాదని నాకు తెలుసు. అరగదీసిన హెడ్డుకు ఊళ్ళో దొరికే పెట్రోలు సరిపడదు, బజారులో మెల్లగా నడిపితే కుతకుతా ఉడుకుతుంది, పెట్రోలు నీళ్ళలా తాగుతుంది. ఇవన్నీ నేను పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పే పాఠాలే. కానీ ఒక్కరైనా అడక్కపోతే నా నియమం ఉత్త కాగితమైపోతుంది. ఒక్కసారి అమలైతే చాలు, వచ్చే ఏటి నుంచి అందరూ దారికొస్తారు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

"అడుగన్నా," అన్నాను.

అడిగాడు. తమ్ముడు మొదట నవ్వులాటకు తీసుకున్నాడు, తరవాత మొహం ఎర్రబడింది. "ఏంది నువ్వు? నిజంగానే అడగతా ఉండావా?" అన్నాడు. మా అన్న తల వంచుకున్నాడే గానీ వెనక్కి తగ్గలేదు. అందరూ సెట్టిగారి వైపు చూశారు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, తమ్ముడి మొహం చూడకుండానే అన్నారు. "సంతకం పెట్టినావు గదరా. ఇచ్చేయి."

ఆ మాటకు జనం చప్పట్లు కొట్టారు. నాకు ఆ పెద్దమనిషి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

శిక్షణ కేంద్రంలో చెయిన్ పుల్లీ కట్టి రెండు రోజుల్లో రెండు ఇంజిన్లూ దించి మార్చాం. తమ్ముడు గోడకానుకుని సిగరెట్టు కాలుస్తూ చూశాడు. చివర్లో మా అన్నతో ఒక్క మాట అన్నాడు. "బద్రంగా జూసుకో. అది రొంబ రోషం గల ఇంజిను." రొంబ అంటే చాలా అని.

పది రోజులు కూడా పట్టలేదు. మార్కెట్టు దగ్గర రద్దీలో కారు ఉడికిపోవడం మొదలైంది. రోజంతా తిప్పిన సంపాదన పెట్రోలు బంకుకే పోతోంది. తెల్లారి విల్లుపురంలో రైలెక్కాల్సిన ఒక కుటుంబాన్ని తీసుకెళ్తుంటే దారిలో ఇంజిను టకటకా కొట్టుకుని ఆగిపోయింది. వాళ్ళు పొలాల మధ్య పెట్టెలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది. అది ఊరంతా పాకింది. ఏళ్ళ తరబడి ఆయన్నే పిలిచే ఇళ్ళవాళ్ళు వేరే టాక్సీలు పిలవసాగారు.

ఆయన నన్నేమీ అనలేదు. వాళ్ళావిడ అంది. నేను ఇంటికి వెళ్ళినప్పుడు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, తలుపు పక్కన నిలబడి, మెల్లగానే అంది.

"ఆయనకేం దెల్సు సారు, పందెమంటే పిచ్చి. మీరు సదువుకున్నోళ్ళు. మీకు దెల్సుండాల గదా. మీరన్నా వద్దనుండొచ్చు గదా?"

కాఫీ తాగకుండా లేచి నేరుగా సెట్టిగారి తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. అతని కారులో ఇప్పుడు మా అన్న పాత ఇంజిను హాయిగా నడుస్తోంది. దాన్ని తిరిగి మార్చుకొమ్మని బతిమాలాను.

"నేను ఇయ్యనని అన్లే వాద్యారే," అన్నాడు. "పందెం అయినాక గదా అడగాల? వచ్చే ఎండాకాలం అడగమను. అదీ నేను గెలిస్తేనే."

"అది టాక్సీ అండీ. వాళ్ళ తిండి దాని మీదే."

"ఆ పొద్దు అడిగినప్పుడు టాక్సీ గాదా అది?"

సెట్టిగారి దగ్గరికి వెళ్తే ఆయన చేతిలో ఉన్న లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టారు. "నలుగురిలో నా తమ్ముడి తల వంచి ఇప్పించినా సారు. ఇప్పుడు మళ్ళా మార్చమని ఏ మొగం బెట్టుకొని అడిగేది? రూలు రాసింది నువ్వే గదా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఏం చెయ్యాలో తోచక. ఆయన మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. బజారు వీధంతా నడుస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ ఇంజినును మామూలు ఇంజినుగా మార్చడం. ఆరు ఆదివారాలు మా అన్న ఇంటి ముందు వేపచెట్టు కింద పని చేశాను. హెడ్డు విప్పి చూస్తే కళ్ళు చెదిరాయి. లోపలి దారులన్నీ అద్దంలా మెరుగుపెట్టి ఉన్నాయి. నా సర్వీసులో అంత శుభ్రమైన పని నేను చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. దాన్ని పక్కన పడేసి, విల్లుపురం రోడ్డులోని పాత సామాన్ల కొట్టులో దొరికిన తుప్పుపట్టిన హెడ్డును రుద్ది రుద్ది బిగించాను. రెండు కార్బురేటర్లు తీసి ఒకటి పెట్టాను. లోపల వాల్వులను ఆడించే కామ్‌షాఫ్టు తీసి మామూలుది వేశాను. ఎవరో పనిమంతుడు నెలల తరబడి చేసిన పనిని నా చేతులతో నేనే పాడుచేస్తున్నానని ప్రతి ఆదివారం అనిపించేది. పాడుచేస్తేనే ఆ ఇంట్లో పూట గడుస్తుంది.

ఆరో ఆదివారం సాయంత్రం స్టార్టు చేస్తే ముసలి ఇంజిను గురక పెడుతున్నట్టు శబ్దం వచ్చింది. మా అన్న బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఇప్పుడు సల్లగా ఉండాది సారు. ఇది సాలు," అన్నాడు. వాళ్ళావిడ బయటికొచ్చి ఒకసారి చూసి లోపలికెళ్ళిపోయింది.

మరుసటి వేసవికి పదమూడు కార్లు పేర్లిచ్చాయి. ఒక్కటీ మద్రాసు వెళ్ళిరాలేదు. సెట్టిగారి తమ్ముడు మా అన్న పాత ఇంజినుతోనే వస్తానన్నాడు. నేను అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. పదమూడింటిలో మా అన్న పేరు మాత్రం లేదు. మిగతా టాక్సీవాళ్ళ పేర్లూ లేవని నేను అప్పుడు గమనించలేదు. పందేనికి వారం ముందు ఆయనింటికి వెళ్ళాను.

"రాను సారు."

"ఎందుకన్నా? ఇప్పుడందరివీ ఒకేరకం ఇంజిన్లు. నడపడంలో నీ అంతవాడు లేడు. నువ్వే గెలుస్తావు."

"గెలిస్తే ఎవుడో ఒకడు అడగతాడు. ఇయ్యాల. వాడి ఇంజిను ఎట్లాంటిదో, ఇంగ నా వండి యాడ నిలబడతాదో. బ్యాంకాయనకు అయితే ఆఫీసుకు నడిచి బోతాడు. నాకు?"

ఆ సంగతి నాకు తట్టనేలేదు. టాక్సీవాళ్ళ కోసం అని నేను రాసిన నియమం టాక్సీవాడు గెలవకూడదని చెబుతోంది. ఇంజిను పోయినా పూట గడిచేవాళ్ళకే ఆ నియమం హాయి.

"నిన్నెవరూ అడక్కూడదని ఒక ముక్క కలిపి రాయిస్తానన్నా," అన్నాను.

ఆయన నవ్వాడు. "అట్ల రాస్తే ఇంగది రూలేంది సారు? తమ్ముడు ఒప్పుకుంటాడా? నేనైతే ఒప్పుకోను."

పందెం రోజున ఆయన కారు కట్ట మీద కనపడింది. చూడ్డానికి వచ్చిన నలుగురిని ఊళ్ళో నుంచి సవారీ ఎక్కించుకొచ్చాడు. నేను జెండా ఊపి, రెండు చుట్లు అయ్యాక అటు చూస్తే, కారు పక్కన నిలబడి వాళ్ళకేదో చెయ్యి చాపి చూపిస్తున్నాడు. దగ్గరికి వెళ్తే వినపడింది. "ఆ మలుపులో రెండో గేరు ఎయ్యాల. మూడోది ఏసినాడు జూడు, ఎట్ల జారతాదో." అన్నట్టే డాక్టరుగారి కారు జారి గడ్డిమోపును గుద్దింది. ఆయన నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

బ్యాంకు ఆఫీసరు గెలిచాడు. ఎవరూ ఆయన ఇంజిను అడగలేదు. జనం కట్ట దిగొచ్చి ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. సెట్టిగారు అండా ఇస్తూ నా భుజం తట్టి, "నీ వల్లే సారు, అందురూ మళ్ళా వచ్చినారు," అన్నారు.

నాకు గట్టిగా అరవాలనిపించింది. టాక్సీవాళ్ళలో ఒక్కడైనా వచ్చాడా చూడండి అని. కట్ట మీదకి చూశాను. మా అన్న నలుగురినీ ఎక్కించుకుని అప్పటికే బస్సురోడ్డు ఎక్కేశాడు.

తరవాతి ఏడాది నన్ను యానాం బదిలీ చేశారు. పందేలు ఇంకా కొన్నేళ్ళు నడిచాయి. ఒకసారి బ్యాంకు ఆఫీసరు ఉత్తరం రాశాడు. కార్లు ఇంకా పెరిగాయని, మీ రూలు బ్రహ్మాండంగా పనిచేస్తోందని, మీరు ఉంటే ఎంత సంతోషించేవారో అని. ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. మా అన్న గురించి ఒక్క ముక్క కూడా లేదు. జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, ఏం రాసినా బ్యాంకు ఆఫీసర్ని తిట్టినట్టే ఉంటుందని మానేశాను.